ఎదురుగాలీ, కొంకర్లు పోయిన వేళ్లూ

అమెరికా ఉత్తరపు కొసన, కెనడాను ఆనుకుని మిన్నెసోటా రాష్ట్రం ఉంది. మిన్నియాపొలిస్ నగరానికి దక్షిణంగా అరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో నార్త్‌ఫీల్డ్ అనే చిన్న ఊరు. ఆ ఊళ్లో 1866లో పెట్టిన కార్ల్‌టన్ కాలేజీ. మొత్తం విద్యార్థులు రెండు వేల మంది. అంత చిన్న కాలేజీ అల్టిమేట్ ఫ్రిస్బీ ఆటలో మాత్రం నలభై వేల మంది చదివే విశ్వవిద్యాలయాలతో తలపడుతుంది, తలపడి గెలుస్తుంది. ‘కట్’ అని పిలుచుకునే అక్కడి అబ్బాయిల జట్టు 2001, 2009, 2011, 2017 సంవత్సరాల్లో జాతీయ విజేత. ‘సిజిజీ’ అనే అమ్మాయిల జట్టు వాళ్లకంటే ఒక ఏడాది ముందే, 2000లో ఆ పని చేసేసింది.

మన దగ్గర ఫ్రిస్బీ అంటే బీచిలో పిల్లలు విసురుకునే రంగు పళ్లెం. అమెరికా కాలేజీల్లో అది ఏడుగురికి ఏడుగురు ఆడే ఆట. 175 గ్రాముల డిస్క్‌ని పాసులతో ముందుకు జరుపుకుంటూ పోయి, మైదానం చివరనున్న ఎండ్‌జోన్‌లో తన జట్టువాడి చేత పట్టిస్తే ఒక పాయింటు. డిస్క్ చేతిలో ఉన్నవాడు పరుగెత్తకూడదు. ఒక కాలు నేలకు పాతేసినట్టు ఉంచి, పది సెకన్లలో విసిరేయాలి. డిస్క్ నేల తాకితే అవతలి జట్టుది. 1968లో న్యూజెర్సీలోని మేపుల్‌వుడ్‌లో హైస్కూలు పిల్లలు మొదలుపెట్టిన ఆట ఇది. 1972 నవంబర్ 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ జట్లు తొలి అంతర్ కాలేజీ మ్యాచ్ ఆడాయి. రట్గర్స్ 29–27తో గెలిచింది.

చిక్కల్లా ఈ ఆట క్యాలెండర్‌తోనే. కాలేజీ సీజన్ జనవరిలో మొదలై మే నెలాఖరుకి ముగుస్తుంది. జాతీయ పోటీలకు ఎవరు వెళ్లాలో తేల్చే మ్యాచ్‌లు పడేది ఏప్రిల్, మే నెలల్లో. మిన్నెసోటా, విస్కాన్సిన్, అయోవా ప్రాంతాల్లో అది చలి పూర్తిగా వదలని కాలం. పొద్దున ఎండ, మధ్యాహ్నం ముసురు, సాయంత్రానికి మంచుపలుకులు. చదునైన నేల మీద అడ్డం లేని గాలి. పిడుగులు పడే సూచన ఉంటే ఆట ఆపుతారు. వాన పడుతోందనో, చలి కొరికేస్తోందనో ఆపరు.

వాన, చలి, గాలి. ఈ మూడింట్లో డిస్క్‌ని దారి తప్పించేది ఏది? చూసేవాళ్లెవరైనా ముందు వాన పేరే చెబుతారు. లెక్క వేసి చూద్దాం.

గంటకు 50 మిల్లీమీటర్ల వాన అంటే కుండపోత కిందే లెక్క. డిస్క్ వ్యాసం సుమారు 27 సెంటీమీటర్లు. గాలిలో మూడు సెకన్లు ఉందనుకుంటే, ఆ కాస్త సమయంలో దాని మీద పడే నీరు రెండున్నర గ్రాములు. అందులోనూ చాలా భాగం తిరిగే వేగానికి అంచు నుంచి చిమ్మేసుకుపోతుంది. చినుకులు పైనుంచి కొట్టే దెబ్బ డిస్క్ బరువులో అర శాతం కూడా ఉండదు. డిస్క్ ఒకసారి చెయ్యి దాటిందా, వాన దాన్ని ఏమీ చేయలేదు. వాన చేసే చెరుపంతా అది చెయ్యి దాటకముందే జరుగుతుంది. అది అర్థం కావాలంటే అసలు డిస్క్ ఎలా ఎగురుతుందో చూడాలి.

చదునుగా, ముందు అంచు కొద్దిగా పైకెత్తి విసిరిన డిస్క్ గాలిని కిందికి తోస్తుంది. ఆ తోపుకు ఎదురుగా గాలి డిస్క్‌ని పైకి నెడుతుంది. దీన్ని లిఫ్ట్ అంటారు. విమానం రెక్కకు ఉన్నదీ ఇదే. సెకనుకు 14 మీటర్లు, అంటే గంటకు 50 కిలోమీటర్ల వేగంతో మామూలు పాస్ విసిరితే, ముందు అంచు నాలుగు డిగ్రీల మేర ఎత్తి ఉంటే చాలు, లిఫ్ట్ డిస్క్ బరువుకు సరిపోతుంది. డిస్క్ తేలుతూ పోతుంది.

లిఫ్ట్ ఒక్కటే అయితే ఈ ఆట ఉండేది కాదు. స్పిన్ లేకుండా అదే డిస్క్‌ని విసిరి చూడండి, రెండు మీటర్లు పోకుండానే పల్టీ కొట్టి పడుతుంది. కారణం, గాలి ఒత్తిడి డిస్క్ సరిగ్గా నడిమధ్యన పనిచేయదు. ముందు అంచు ఎత్తు పెరిగేకొద్దీ ఆ ఒత్తిడి పడే చోటు కేంద్రానికి ముందుకు జరుగుతుంది, ముక్కుని ఇంకా పైకి లేపుతుంది. లేచిన ముక్కుకి మరింత గాలి తగులుతుంది. ఇక పల్టీయే. గిర్రున తిరుగుతున్న డిస్క్ మాత్రం అలా పడదు. బొంగరాన్ని పక్కకి తోస్తే పడిపోకుండా తల తిప్పుతూ ఒరుగుతుంది కదా, ఇదీ అంతే. తోపు ముక్కు దగ్గర పడితే ఒరుగుడు దానికి తొంభై డిగ్రీల అవతల, పక్క అంచు దగ్గర కనిపిస్తుంది. కుడిచేతివాటం మనిషి బ్యాక్‌హ్యాండ్‌తో విసిరిన డిస్క్ పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కున తిరుగుతుంది. దాని ముక్కుని గాలి పైకి లేపబోతే ఎడమ అంచు కిందికి వాలుతుంది. వేగం తగ్గి, కిందికి దిగుతున్న డిస్క్ చివర్లో ఎడమ వైపుకి వంగిపోవడం అందరూ చూసేదే. కారణం ఇదే.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఒక్కటే. ఒరిగే వేగం గాలి తోపుకి అనులోమం, స్పిన్‌కి విలోమం. స్పిన్ సగమైతే డిస్క్ రెట్టింపు వేగంతో ఒరుగుతుంది. మంచి త్రోలో డిస్క్ సెకనుకు ఏడెనిమిది చుట్లు తిరుగుతుంది. ఆ చుట్లు నిలబెట్టడానికే డిస్క్ బరువులో ఎక్కువ పాలు అంచులో పెడతారు. 1957లో ఫ్రెడ్ మారిసన్ దగ్గర హక్కులు తీసుకుని వామ్-ఓ కంపెనీ అమ్మిన తొలి పళ్లేలు ఆటబొమ్మలే. 1964లో అదే కంపెనీలో ఎడ్ హెడ్రిక్ వాటి పైభాగాన సన్నటి ఉబ్బెత్తు గీతలు పెట్టి, బరువు సరిచేశాక అవి గురిగా విసరగలిగే సాధనాలయ్యాయి. ఎంత సరిచేసినా, స్పిన్ ఇవ్వాల్సింది మాత్రం మనిషి మణికట్టే.

మణికట్టు ఆ స్పిన్‌ని ఎలా ఇస్తుందో దగ్గరగా చూడాలి. బొటనవేలు డిస్క్ పైన. మిగతా వేళ్లు అడుగున, అంచు లోపలి గోడకు ఆనించి. చెయ్యి ముందుకు దూసుకొచ్చి, చిట్టచివర మణికట్టు విదిలిస్తుంది. డిస్క్ అప్పటికే జారిపోవడం మొదలవుతుంది. ఆఖరుగా అంచుని వదిలేది చూపుడువేలు. ఆ వేలి కొస అంచుని ఎంత గట్టిగా, ఎంత సేపు పట్టి ఉంచిందన్న దాని మీదే స్పిన్ ఆధారపడుతుంది. తడి చేతిలో డిస్క్ క్షణంలో పదో వంతు ముందే జారిపోతుంది. వేలికీ ప్లాస్టిక్‌కీ మధ్య సన్నటి నీటిపొర చేరి రాపిడిని తినేస్తుంది. వేగం దాదాపు ఉన్నంతా ఉంటుంది, స్పిన్ మాత్రం పోతుంది. చూసేవాడికి త్రో బాగానే బయల్దేరినట్టు కనిపిస్తుంది. పది మీటర్లు పోయాక డిస్క్ తూలడం మొదలవుతుంది.

అందుకే ముసురు రోజున హ్యాండ్లర్లు, అంటే ఎక్కువగా డిస్క్ విసిరేవాళ్లు, పొడి గుడ్డకోసం పడే పాట్లు చూడాలి. నడుముకు తువ్వాలు చెక్కుకుంటారు. అది పది నిమిషాల్లో తడిసి ముద్దవుతుంది. అప్పుడు జెర్సీ లోపల, చంక కింద ఇంకా తడవని జాగా వెతుక్కుని వేళ్లు తుడుచుకుంటారు. కొందరు పట్టుండే గ్లవ్స్ వేసుకుంటారు. డిస్క్‌ని తుడవడం కంటే వేళ్లని తుడుచుకోవడం ముఖ్యమని అనుభవం ఉన్నవాళ్లకు తెలుసు. డిస్క్ మరుసటి పాస్‌లోనే మళ్లీ తడుస్తుంది.

తడి సంగతి తువ్వాలు ఎంతో కొంత చూసుకుంటుంది. చలిని తువ్వాలు తుడవలేదు.

వేళ్లలో కండ ఉండదనే చెప్పాలి. వేళ్లని ఆడించే కండరాల్లో బలమైనవి ముంజేతిలో ఉంటాయి, అక్కడి నుంచి తాళ్లలాంటి స్నాయువులతో లాగుతాయి. అంటే వేలికి సొంతంగా వేడి పుట్టించుకునే దారి లేదు. రక్తం తెచ్చిస్తేనే వేడి. ఒళ్లు చల్లబడుతోందని మెదడు గుర్తించగానే మొట్టమొదట చేసే పని వేళ్లకు రక్తం బిగించేయడం. గుండె, కాలేయం, మెదడు వెచ్చగా ఉండాలి, వేళ్ల మాట తర్వాత చూద్దాం అన్న లెక్క. వేలి చర్మం వేడి 15 డిగ్రీలకు దిగేసరికి నేర్పు తగ్గడం స్పష్టంగా తెలుస్తుంది. ఇంకా దిగితే స్పర్శే పోతుంది. నరంలో సంకేతం పరుగెత్తే వేగం కూడా నరం చల్లబడే ప్రతి డిగ్రీకీ సెకనుకు దాదాపు 2 మీటర్ల చొప్పున మందగిస్తుంది. కీళ్ల మధ్య ఉండే ద్రవం చిక్కబడుతుంది. ‘వేళ్లు కొంకర్లు పోయాయి’ అని మనం ఒక్కమాటలో తేల్చేసే దాంట్లో ఇన్ని సంగతులున్నాయి.

శరీరం మరీ అంత నిర్దయగా ఉండదు. 1930లో థామస్ లూయిస్ అనే బ్రిటిష్ వైద్యుడు గమనించిన విషయం ఒకటుంది. చల్లటి నీళ్లలో వేలు ముంచి ఉంచితే మొదట తెల్లబడుతుంది, కొన్ని నిమిషాలకు రక్తనాళాలు ఒక్కసారి తెరుచుకుని ఎర్రగా వెచ్చబడుతుంది, మళ్లీ మూసుకుంటుంది. వేలు పూర్తిగా పాడైపోకుండా కాపాడే ఏర్పాటు. అయితే ఒళ్లంతా చల్లబడినవాడిలో ఈ దయ కూడా తగ్గిపోతుంది. వేళ్లు పనిచేయాలంటే వేళ్లకి గ్లవ్స్ వేస్తే చాలదు, ఛాతీని వెచ్చగా ఉంచాలి. బయట నిలబడ్డ ఆటగాళ్లు అన్ని కోట్లు ఎందుకు చుట్టుకుంటారో ఇప్పుడు తెలిసింది కదా.

ఆ బయట నిలబడటంలోనే అసలు ప్రమాదం ఉంది. పరుగెత్తేటప్పుడు శరీరం కొలిమిలా వేడి పుట్టిస్తుంది. పాయింటు అయిపోయి గీత బయటికొచ్చి నిలబడగానే ఆ వేడి వంద వాట్ల దగ్గరికి జారుతుంది. ఒంటి మీద తడి బనీను. అందులో 200 గ్రాముల నీరుందనుకుంటే, అది ఆరడానికి దాదాపు 480 కిలోజౌళ్ల వేడి కావాలి. విశ్రాంతిలో ఉన్న మనిషి 80 నిమిషాల్లో పుట్టించే వేడి అంతా దానికే ఖర్చు. వణుకు ఈ లోటును పూడ్చడానికి శరీరం చేసే ప్రయత్నం. వణుకుతున్న చేతితో ఇరవై మీటర్ల పాస్ గురి చూసి విసరడం మాత్రం కుదరదు.

గాలి చలిని ఎంత పెంచుతుందో మొదట కొలిచినవాళ్లలో పాల్ సైపుల్ ఒకడు. పందొమ్మిదేళ్ల బాయ్ స్కౌట్‌గా 1928లో అడ్మిరల్ బర్డ్‌తో అంటార్కిటికాకు వెళ్లినవాడు. 1941లో అక్కడే చార్లెస్ పాసెల్‌తో కలిసి, ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు పోసి ఆరుబయట వేలాడదీసి, ఏ గాలికి ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూశాడు. మనిషి ముఖం నీళ్ల గొట్టం కాదు కనుక ఆ లెక్క చలిని ఎక్కువ చేసి చూపేది. 2001లో టొరంటోలో మనుషుల్నే చల్లటి గాలి సొరంగంలో నడిపించి సూత్రాన్ని సవరించారు. దాని ప్రకారం 5 డిగ్రీల వేడిలో గంటకు 40 కిలోమీటర్ల గాలి వీస్తే ముఖానికి సున్నా కంటే ఒక డిగ్రీ తక్కువలో నిలబడ్డట్టు ఉంటుంది. ఇది పొడి చర్మానికి వేసిన లెక్క. తడి బనీను ఇందులో లేదు.

ఆ 40 కిలోమీటర్ల గాలినే ఇప్పుడు డిస్క్‌కి తగిలిద్దాం. వాతావరణ శాఖ చెప్పే గాలి వేగం నేల నుంచి 10 మీటర్ల ఎత్తున కొలిచినది. గడ్డి నేల రాపిడి వల్ల కిందికొచ్చేకొద్దీ గాలి మందగిస్తుంది. మీటరు ఎత్తున అది గంటకు సుమారు 24 కిలోమీటర్లు. మోకాలి కింద, 30 సెంటీమీటర్ల దగ్గర 16. తలపైన 5 మీటర్ల ఎత్తున 35. ఒకే మైదానంలో మూడు నాలుగు గాలులు ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉన్నట్టు.

డిస్క్‌కి లెక్క నేల మీది వేగంతో కాదు, గాలితో పోల్చిన వేగంతో. పైగా లిఫ్ట్ ఆ వేగపు వర్గంతో పెరుగుతుంది. సెకనుకు 14 మీటర్ల పాస్‌ని మీటరు ఎత్తులో ఎదురుగాలికి విసిరితే డిస్క్‌కి తగిలే గాలి వేగం 20 మీటర్లు దాటుతుంది. లిఫ్ట్ రెండింతల పైకి పోతుంది. డిస్క్ పైకి లేస్తుంది, పైన గాలి ఇంకా బలం, ఇంకా లేస్తుంది, చివరికి గాలిలో నిలబడిపోయి వెనక్కి తేలుతుంది. అదే పాస్ వాలుగాలికి విసిరితే గాలితో పోల్చిన వేగం సగానికి పడిపోతుంది, లిఫ్ట్ నాలుగో వంతుకి దిగజారుతుంది. డిస్క్ చచ్చినట్టు నేలకు దిగుతుంది. అందుకే ఎదురుగాలిలో ముక్కు కిందికి వంచి, వంగి కూర్చున్నంత పనిచేసి, మోకాలి ఎత్తు నుంచి విసురుతారు. వాలుగాలిలో ముక్కు ఎత్తి పైకి విసురుతారు. కొత్తవాళ్లు దీన్ని సరిగ్గా తిరగేసి చేస్తారు. ఎదురుగాలి చూడగానే బలం ఎక్కువ పెట్టి పైకి కొడతారు.

ఇప్పుడు రెండు లెక్కలనీ కలపండి. ఎదురుగాలిలో డిస్క్‌ని ఒరిగించే తోపు రెండింతల పైన. తడి, చలి వేళ్ల వల్ల స్పిన్ సగమైందనుకుంటే ఒరిగే వేగం మరో రెండింతలు. మొత్తం నాలుగింతలు దాటింది. గాలి ఒక్కటే ఉన్న రోజున చేతనైనవాళ్లు నెగ్గుకొస్తారు, వాన ఒక్కటే అయినా అంతే. మూడూ కలిసిన రోజున ఆట వేరే ఆటైపోతుంది. గాలి తోపుని పెంచుతుంది, తడీ చలీ స్పిన్‌ని తగ్గిస్తాయి కాబట్టి నష్టం కూడిక కాదు, గుణకారం.

గుణకారం ఎత్తుగడల్లోనూ కనిపిస్తుంది. మంచి వాతావరణంలో ఒక్కో పాస్ నూటికి 95 సార్లు చేతికందుతుందనుకుందాం. వరసగా పది పాసులు తప్పకుండా పూర్తయ్యే అవకాశం 60 శాతం. అదే పాస్ నూటికి 85కి పడిపోతే పది పాసుల అవకాశం 20 శాతానికి దిగుతుంది. చిన్న చిన్న పాసులతో ఓపిగ్గా పైకి పోవడం ఇక దండగ. ఒక్క పొడుగాటి త్రోతో డిస్క్‌ని అవతలి ఎండ్‌జోన్ దగ్గర పడేసి, ‘ఇక మీరు తెచ్చుకోండి’ అని అడ్డుకోవడం మేలు. అడ్డుకునే జట్టు కూడా మనిషికి మనిషిని వదిలేసి జోన్ కడుతుంది. విసిరేవాడి ముందు ముగ్గురు దొప్పలా వంగి నిలబడతారు, దీన్నే కప్ అంటారు. ఒక్కడు దగ్గరగా, మిగతా ఇద్దరు మూడు మీటర్ల అవతల. దగ్గరున్నవాడు పళ్లు టకటకలాడుతున్నా ఒకటి నుంచి పది దాకా పైకి లెక్కపెట్టాలి. వాళ్ల తల మీదుగా విసిరితే డిస్క్ బలమైన గాలిలోకి వెళుతుంది. కిందుగా విసరాలంటే ముగ్గురి కాళ్లూ అడ్డం.

ఇంత గొడవలో రెఫరీ ఉండడు. ఫౌల్ అయిందంటే ఆటగాళ్లే చెప్పుకోవాలి, ఒప్పుకోకపోతే డిస్క్ విసిరినవాడికే వెనక్కి పోతుంది. పెద్ద పోటీల్లో అబ్జర్వర్లు ఉంటారు గానీ, వాళ్లు కూడా ఫౌల్ తగువులో పిలిస్తేనే తీర్పు చెబుతారు. పెదాలు నీలం తిరిగిన ఇద్దరు కుర్రాళ్లు బురదలో నిలబడి ‘చెయ్యి తగిలింది’, ‘తగల్లేదు’ అని మర్యాదగా తేల్చుకుంటారు. వాదన సాగేకొద్దీ ఇద్దరి వేళ్లూ ఇంకా చల్లబడతాయి. చలి తగువుల్ని తొందరగా తీరుస్తుందని నా అనుమానం.

గాలి రోజు లాటరీ లాంటిదనీ, అనామక జట్టు కూడా గెలవచ్చనీ ఒక మాట ఉంది. నేనొప్పుకోను. ఈ ఆటలో పాయింటు కొట్టిన జట్టు ఆ చివరే ఆగి, అక్కడి నుంచే డిస్క్‌ని అవతలి వాళ్లకి విసిరి ఆట మొదలుపెడుతుంది. వాలుగాలికి పాయింటు కొట్టారనుకోండి, ఇప్పుడు అవతలి జట్టుకి డిస్కూ దక్కింది, వాలుగాలీ దక్కింది. వాళ్లూ ఒకటి కొడతారు. నీకొకటి నాకొకటి అంటూ ఆట అలా సాగుతుంది. ఎవరైనా ఎదురుగాలికి ఒక్క పాయింటు కొట్టారా, లెక్క తిరగబడుతుంది. తర్వాతి పాయింటుకు అవతలి జట్టే ఎదురుగాలికి మొదలుపెట్టాలి, వాళ్ల చేతిలోంచి డిస్క్ జారగానే వాలుగాలి వీళ్లది. ఎదురుగాలి పాయింటు చాలాసార్లు రెండు పాయింట్ల పెట్టు. దాన్ని కొట్టాలంటే కావలసింది స్పిన్, అదీ తడి వేళ్లతో, మోకాలి ఎత్తు నుంచి. అదృష్టంతో వచ్చేది కాదది. గాలి రోజున తేడా తగ్గదు, పెరుగుతుంది. ఆ తేడా చూపించే అవకాశాలు మాత్రం మ్యాచ్ మొత్తంలో రెండో మూడో వస్తాయి. అవి చేజారితే లాటరీ అన్నవాళ్ల మాటే నిజమైనట్టు కనిపిస్తుంది.

మామూలుగా ఈ మ్యాచ్‌లు 15 పాయింట్ల దాకా సాగుతాయి, ఒక జట్టు 8 చేరగానే విరామం. ముసురు రోజున అన్ని పాయింట్లు కాకముందే సమయం అయిపోతుంది. టాస్ గెలిచిన కెప్టెన్ డిస్క్ కావాలా, వైపు కావాలా చెప్పాలి. మామూలు రోజున చాలామంది డిస్క్ కోరతారు. ఇలాంటి రోజున వైపు కోరతారు. కోరుకునేటప్పుడు మొదటి పాయింటు గురించి ఆలోచించేవాడు కొత్తవాడు. తెలిసినవాడు గడియారం చూసుకుని చివరి నుంచి వెనక్కి లెక్కపెడతాడు. సమయం ముగిసేవేళ ఆడే పాయింటులో గాలి ఎవరి వీపున ఉంటుంది అని.